సుబ్బారావుగారి నీలి ద్రావణం

మేము తెలుగు పాఠం చెప్పేవాళ్లం. రసాయన శాస్త్రం మా సబ్జెక్టు కాదు. అయినా ఈ ఏడు మన పత్రికకు ఒక ద్రావణం కథ రాస్తున్నాము. దానికి కారణం ఒక అరేంజ్‌మెంట్ పీరియడు.

సైన్సు మాస్టారు సెలవు పెట్టిన రోజున మమ్మల్ని తొమ్మిదో తరగతికి పంపారు. పిల్లలు గాఢత లెక్కలు చేసుకుంటున్నారు. 100 గ్రాముల నీటిలో 25 గ్రాముల ఉప్పు కరిగిస్తే ఆ ద్రావణంలో ఉప్పు ద్రవ్యరాశి శాతం ఎంత అన్నది లెక్క. మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ల నాన్నగారికి బదిలీ అయి వారం క్రితమే మా బడిలో చేరింది. 25 శాతం అని జవాబు వేసింది. పక్కపిల్ల పుస్తకంలోకి చూస్తే అక్కడ 20 అని ఉంది. గబగబా రబ్బరు తీసి 25 చెరిపి 20 వేసుకుంది. పైన చేసిన భాగహారం అలాగే ఉంది, కింద జవాబు ఒక్కటే మారింది.

మేము ఆ అమ్మాయిని ఏమీ అనలేదు. అనే హక్కు మాకు లేదు. ఇంటర్మీడియట్‌లో టైట్రేషన్ ప్రాక్టికల్స్ రోజున మా బ్యూరెట్ రీడింగు ఒకలా వస్తే, పక్క బల్లవాడి రీడింగు చూసి అది వేసుకున్న చరిత్ర మాది. మార్కులు వచ్చాయి. మా రీడింగు ఎందుకు వేరుగా వచ్చిందో ఈ రోజుకీ తెలియదు.

ఇంతకీ ఆ లెక్కలో తప్పు ఎక్కడో చూద్దాం. ద్రావణం అంటే నీళ్లు మాత్రమే కాదు, నీళ్లూ ఉప్పూ కలిసినది. కాబట్టి భాగించవలసింది 100తో కాదు, 125తో. 25ను 125తో భాగించి 100తో గుణిస్తే 20 వస్తుంది. ఆ అమ్మాయి ఉప్పును నీటితో పోల్చింది. ఆమె కనుక్కున్నది కూడా నిజమైన సంఖ్యే, కాకపోతే వేరే ప్రశ్నకు జవాబు. చెరిపేయకుండా ఒక్క నిమిషం చూసి ఉంటే ఆ సంగతి తనకే తెలిసేది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక మాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకొచ్చారు. ఆయన పేరు మీలో కొందరు విని ఉంటారు. తెలుగువాడు, పెద్ద శాస్త్రవేత్త, ఎన్నో మందులు కనిపెట్టారని పుస్తకాల్లో రెండు వాక్యాలు ఉంటాయి. ఆ మందుల సంగతికి మేమూ వస్తాము. కాని వాటన్నిటికన్నా ముందు ఆయన ఏళ్ల తరబడి చేసినది మీరు తొమ్మిదో తరగతిలో చేసే లెక్కే: ఇంత ద్రావణంలో ఈ పదార్థం ఎంత ఉంది?

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. డబ్బున్న ఇల్లు కాదు. చిన్నప్పుడు చదువు మీద పెద్దగా మనసు ఉండేది కాదనీ, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయారనీ, తల్లి వెనక్కి రప్పించిందనీ ఆయన జీవిత కథ రాసినవారు చెబుతారు. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో ఇంట్లో వరసగా మరణాలు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. చివరికి మద్రాసు చేరి, అక్కడి హిందూ హైస్కూలు నుంచి మూడోసారి గట్టెక్కారు.

ఊరు మారి, బడి మారి, చుట్టూ తెలియని ముఖాల మధ్య పరీక్ష రాయడం ఎలా ఉంటుందో మీకు మేము చెప్పనక్కర్లేదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు అయ్యాక సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. రామకృష్ణ మఠం మీద అంత మక్కువ. తల్లి ససేమిరా అన్నారు. చివరకు వైద్యం చదివి నలుగురికి సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అవి గాంధీగారి పిలుపు దేశమంతా వినిపిస్తున్న రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స క్లాసుకు కూడా ఖద్దరు కోటు వేసుకుని వెళ్లేవారు. బ్రాడ్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. మిగతా పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. రాలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికిచ్చారు. ఆ మూడక్షరాలు తరువాత సముద్రం దాటి కూడా ఆయన్ని వెంటాడాయి.

ఈ లోపల ఇంకో దెబ్బ. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టని జబ్బు అది. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేవు, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. సుబ్బారావుగారికీ ఆ జబ్బు సోకిందనీ, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారనీ అంటారు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

అమెరికా వెళ్లి పరిశోధన చేయాలన్నది ఆయన పట్టుదల. మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తిగారు, కాకినాడ వైపు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారు సాయం చేశారు. భార్య శేషగిరిగారిని పుట్టింట ఉంచి ఓడ ఎక్కారు. బోస్టన్‌లో దిగారు. మళ్లీ ఇండియా రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ పిల్లవాడి ముఖం చూడలేదు. ఈ మాట గబుక్కున దాటేసే పుస్తకాలే ఎక్కువ. నాన్న వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తుంటే ఇంట్లో ఎలా ఉంటుందో తెలిసిన పిల్లలకు దాచడం ఎందుకని మేము రాస్తున్నాము.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం డిప్లొమాకు చేరారు. ఎల్.ఎం.ఎస్. పట్టాతో అక్కడ డాక్టరు ఉద్యోగం దొరకలేదు. పూట గడవడానికి బ్రిగం ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరి రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. పగలు చదువు. ఆ డిప్లొమా అయ్యాక హార్వర్డ్ వైద్య కళాశాలలోనే జీవరసాయన విభాగంలో అడుగు పెట్టారు. ఆ విభాగం పెద్ద ఆటో ఫోలిన్. రక్తంలో ఏది ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతులకు పేరు పడినవాడు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర సుబ్బారావుగారికి పని దొరికింది. ఇచ్చిన పని ఏమిటంటే, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో సరిగ్గా కొలిచే దారి కనిపెట్టడం.

భాస్వరమంటే ఫాస్ఫరస్. మన ఎముకల్లో ఉంటుంది, రక్తంలో ఫాస్ఫేట్ రూపంలో కరిగి ఉంటుంది. రికెట్స్ వచ్చిన పిల్లల్లో ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. అలాంటి పిల్లల రక్తంలో ఇది తగ్గిపోవడం కనిపిస్తుంది. కాబట్టి కొలవడం వైద్యుడికి అవసరం. కాని ఎలా కొలవాలి? 100 మిల్లీలీటర్ల రక్తరసంలో ఉండేది మూడు నాలుగు మిల్లీగ్రాములు. రోగి నుంచి తీసుకోగలిగేది కొద్ది మిల్లీలీటర్లే. అందులోంచి భాస్వరాన్ని విడదీసి త్రాసులో వేసి తూచడమంటే అయ్యే పని కాదు.

అందుకని రంగును ఆశ్రయించారు. ఇది అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్లండి. ఎర్రటి షర్బతు నీళ్లు ఒక పొడుగాటి గ్లాసులో పోసి పైనుంచి కిందికి చూడండి. అదే షర్బతును వెడల్పు పళ్లెంలో పోసి చూడండి. గ్లాసులో ముదురు ఎరుపు, పళ్లెంలో లేత ఎరుపు. షర్బతు ఒకటే, గాఢత ఒకటే. మన చూపు ఎంత మందం ద్రావణంలోంచి వెళ్లిందన్నది మారింది, అంతే. ఇప్పుడు గ్లాసులోని షర్బతుకు అంతే నీరు కలిపి, అందులో సగం పారబోయండి. ఎత్తు మొదటిలాగే ఉంటుంది కాని రంగు సగానికి దిగుతుంది. అంటే కంటికి కనబడే రంగు రెండింటి మీద ఆధారపడుతుంది: ద్రావణం గాఢత, దాని మందం. ఈ రెండింటి లబ్ధం రెండు గ్లాసుల్లో సమానమైతే రెండు రంగులూ ఒకేలా కనబడతాయి.

దీని కోసం ప్రయోగశాలలో ఒక పరికరం ఉండేది. డ్యుబోస్క్ కలరీమీటరు అంటారు. రెండు చిన్న గాజు గిన్నెలు పక్కపక్కన ఉంటాయి. ఒక దానిలో మనకు గాఢత తెలిసిన ద్రావణం, అంటే ప్రమాణ ద్రావణం. రెండో దానిలో తెలియనిది. రెండింట్లోకీ గాజు కడ్డీలు దిగి ఉంటాయి. గిన్నెను పైకీ కిందికీ జరిపితే కడ్డీ కింద ఉండే ద్రావణం మందం మారుతుంది. పైన కన్ను పెట్టి చూస్తే ఒక గుండ్రని వెలుగు, సగం ఒక గిన్నెది, సగం రెండోదానిది. రెండు సగాల మధ్య గీత మాయమై ఒకే రంగు వలయంగా కనబడే వరకు జరుపుతారు. అప్పుడు పక్కనున్న స్కేలు మీద మిల్లీమీటర్లు చదువుకుంటారు.

చిక్కల్లా, ఫాస్ఫేట్ ద్రావణానికి రంగు లేదు. నీళ్లలాగే ఉంటుంది. దానికి రంగు తెప్పించాలి. ఆమ్లం కలిపిన మోలిబ్డేట్ ద్రావణాన్ని ఫాస్ఫేట్‌కు కలిపితే రెండూ జతకడతాయి. ఆ జతను క్షయకరణం చేస్తే, అంటే దానికి ఎలక్ట్రాన్లు అందిస్తే, నీలిరంగు వస్తుంది. ఎంత ఫాస్ఫేట్ ఉంటే అంత నీలం. ఇది ఫిస్క్, సుబ్బారావులకు ముందే తెలుసు. అయితే అప్పటి పద్ధతుల్లో రంగు నెమ్మదిగా వచ్చేది, ద్రావణంలో ఉన్న ఇతర లవణాలు అడ్డు తగిలి రంగును మార్చేసేవి. నీలం ముదురుగా ఉంటే అది భాస్వరం వల్లనా, ఉప్పు వల్లనా? చెప్పడం కష్టం.

సుబ్బారావుగారూ ఫిస్కూ కలిసి ఆ ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థాన్ని మార్చారు. దాని పేరు అమినో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. పలకడానికి మాకే మూడు ప్రయత్నాలు పట్టాయి. దాని గుణం ఏమిటంటే, ఫాస్ఫేట్‌తో జతకట్టిన మోలిబ్డేట్‌ను నీలం చేస్తుంది, ఒంటరిగా మిగిలిన మోలిబ్డేట్ జోలికి పోదు. రంగు అయిదు నిమిషాల్లో పోల్చడానికి సిద్ధం. ఈ పద్ధతిని 1925లో అమెరికా జీవరసాయన పత్రికలో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకింది. మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రాడి పేరు అలా జీవరసాయన పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇప్పుడు ఆయన బల్ల దగ్గర కూర్చుని ఒక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ముందు ప్రమాణ ద్రావణం. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ అనే లవణాన్ని 0.351 గ్రాములు తూచి, నీటిలో కరిగించి, సరిగ్గా ఒక లీటరు చేస్తారు. ఈ వింత సంఖ్య ఎందుకు? ఆ లవణంలో ఒక పొటాషియం, రెండు హైడ్రోజన్లు, ఒక భాస్వరం, నాలుగు ఆక్సిజన్లు. 39.1, 2, 31, 64 కూడితే 136.1. ఇందులో భాస్వరం వాటా 31. అంటే 100కు 22.8 వంతు. 351 మిల్లీగ్రాముల లవణంలో 22.8 శాతం అంటే 80 మిల్లీగ్రాములు. లీటరుకు 80 అయితే ఒక మిల్లీలీటరుకు 0.08. అయిదు మిల్లీలీటర్లు తీసుకుంటే 0.4 మిల్లీగ్రాముల భాస్వరం. గుండు సంఖ్య రావడం కోసమే ఆ వింత తూకం. లవణం తూకం వేరు, అందులోని భాస్వరం తూకం వేరు అన్నది ఇక్కడ పిల్లలు మరచిపోయే చోటు.

ఈ 0.4 మిల్లీగ్రాములకు మోలిబ్డేట్, ఆ పొడుగు పేరు ఆమ్లం కలిపి, నీటితో 100 మిల్లీలీటర్లు చేస్తారు. ఇప్పుడు మిల్లీలీటరుకు 0.004 మిల్లీగ్రాములు. నీరు ఎంత పోసినా భాస్వరం 0.4 మిల్లీగ్రాములే ఉంది. పలచబడింది గాని పోలేదు. విలీనం లెక్కలన్నిటికీ ఇదే ఆయువుపట్టు.

ఇక రోగి రక్తరసం. దానికి ఒక వంతుకు నాలుగు వంతుల ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం కలుపుతారు. మాంసకృత్తులు తెల్లగా గడ్డకడతాయి, వడగడితే తేట నీరు దిగుతుంది. ఈ తేటలో అయిదు మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో రక్తరసం నిజానికి ఒక మిల్లీలీటరే. దానికి రంగు తెప్పించి 10 మిల్లీలీటర్లు చేస్తారు. ప్రమాణ ద్రావణం గిన్నెను 20 మిల్లీమీటర్ల దగ్గర నిలిపాం అనుకోండి. రెండు సగాలు కలిసేసరికి రోగి గిన్నె 25 దగ్గర ఆగింది. తెలియనిది ఎక్కువ మందం కావలసి వచ్చిందంటే, ప్రమాణం కన్నా పలచన అన్నమాట. 0.004ను 20తో గుణించి 25తో భాగించండి. 0.0032 వస్తుంది. అది ఒక్క మిల్లీలీటరుకు. పది మిల్లీలీటర్లలో 0.032. అదంతా ఒక మిల్లీలీటరు రక్తరసం నుంచి వచ్చింది. కాబట్టి 100 మిల్లీలీటర్ల రక్తరసంలో 3.2 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు ఉండవలసినంతే ఉంది. ఎదిగే పిల్లలకైతే ఇంకొంచెం ఎక్కువ ఉండాలి.

ఇందులో మీకు రాని గుణకారం ఒక్కటైనా ఉందా? లేదు. ఉన్నదల్లా ప్రతి అడుగులోనూ ఎంత ద్రావణంలో ఎంత పదార్థం అన్న ప్రశ్నను వదలకుండా పట్టుకోవడం.

ఇంతవరకు మంచి పద్ధతి కనిపెట్టిన కథ. మాకు అసలు నచ్చిన కథ దీని తరువాతది.

రక్తం అయ్యాక వాళ్లిద్దరూ కండరం మీద పడ్డారు. కండరాన్ని నూరి, ఆమ్లంతో మాంసకృత్తులు తీసేసి, వడగట్టిన తేటలో భాస్వరం కొలవబోయారు. పద్ధతి తమదే, చేయి తిరిగినదే. ప్రమాణ ద్రావణం ఎప్పటిలాగే రంగు తేలింది. కండరం తేట మాత్రం మాట వినలేదు. మొదట చూస్తే నీలం తక్కువ. కొంచెం ఆగి చూస్తే ముదిరింది. ఇంకొంచెం ఆగితే ఇంకా ముదిరింది. ఏ నిమిషంలో చదివితే ఆ నిమిషానికి ఒక జవాబు. ఒకే సీసాలో ఉన్న భాస్వరానికి ఇన్ని జవాబులు ఎలా ఉంటాయి?

ఆ బల్ల దగ్గర మేము ఉంటే ఏం చేసి ఉండేవాళ్లమో మాకు తెలుసు. రంగు పెరగడం ఆగేదాకా కూర్చుని, చివరి రీడింగు ఒక్కటి రాసుకుని, కాఫీకి పోయేవాళ్లం. ఆ చివరి రీడింగు తప్పు కూడా కాదు. ఇతరులు అంతకు ముందు పాత పద్ధతులతో కొలిచి కండరంలో ఉన్న ఫాస్ఫేట్ ఇంత అని రాసినది దాదాపు అలాంటిదే.

సుబ్బారావుగారూ ఫిస్కూ మధ్యలో వచ్చిన రీడింగులను పారేయలేదు. నిమిషం నిమిషానికీ రాసుకున్నారు. రంగు ఆలస్యంగా వస్తోందంటే రెండే కారణాలు ఉండవచ్చు. ఏదో అడ్డుపడి రంగును ఆలస్యం చేస్తూ ఉండాలి. లేదా మొదట్లో ఫాస్ఫేట్ నిజంగానే తక్కువ ఉండి, తరువాత ఎక్కడి నుంచో కొత్తగా వస్తూ ఉండాలి. రెండోదే నిజమని తేలింది. కండరంలో ఫాస్ఫేట్ చాలా వరకు విడిగా లేదు. ఇంకో పదార్థానికి అతుక్కుని ఉంది. ఆ అతుకు ఎంత సున్నితమంటే, పరీక్ష కోసం కలిపిన ఆమ్లమే దాన్ని మెల్లగా తెంపుతోంది. తెగిన ఫాస్ఫేట్ తెగినట్టే నీలంలోకి వచ్చి చేరుతోంది.

ఆ రెండో పదార్థం ఏమిటి? మళ్లీ గాఢత లెక్కే. ఫాస్ఫేట్ ఎన్ని మోల్‌లు విడుదలైతే క్రియాటిన్ అనే పదార్థం అన్ని మోల్‌లు కనబడింది. మిల్లీగ్రాముల్లో చూస్తే రెండు సంఖ్యలకూ పొంతన ఉండదు, మోల్‌లలోకి మారిస్తే ఒకటికి ఒకటి. పదో తరగతి దాటిన పిల్లలు మోల్ ఎందుకు, గ్రాములు చాలవా అని అడుగుతుంటారని కెమిస్ట్రీ మేడమ్ అంటుంటారు. ఇదిగో, ఇందుకు.

అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా వేరుగా దీని జాడ పట్టారు. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో పని చేయించి చూస్తే ఈ పదార్థం తగ్గింది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరిగింది. అంటే మీరు ఆటల పీరియడులో వంద మీటర్లు పరుగెత్తినప్పుడు మొదటి కొద్ది సెకన్లలో కండరం వాడుకునే నిల్వ ఇదే. ఆ వెనకే 1929లో అదే బృందం ఎ.టి.పి.ని వేరు చేసింది. అప్పుడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. జీవకణాలన్నీ శక్తిని చెల్లించే నాణెం అని మీ జీవశాస్త్రం పుస్తకంలో ఉంటుందే, అదే ఎ.టి.పి. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటి వరకు అనుకునేవారు. ఆ ఆలోచన మారిపోయింది. ఇదంతా సరిగ్గా కుదరని ఒక నీలిరంగు దగ్గర మొదలైంది.

1930లో సుబ్బారావుగారికి పి.హెచ్‌.డి. వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వతమైన స్థానం మాత్రం దక్కలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థకు మారారు. అక్కడ పరిశోధనలన్నిటికీ పెద్ద అయ్యారు. ఈ భాగం ఇతర పుస్తకాల్లో వివరంగా దొరుకుతుంది కాబట్టి మేము త్వరగా చెబుతాము. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ జబ్బుకు అది మందుగా పని చేసింది. అప్పటికి ఆయన సోదరులు పోయి పాతికేళ్లు దాటింది. ఆ ఫోలిక్ ఆమ్లం రూపాన్ని కొద్దిగా మార్చి తయారు చేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గింది. అంతవరకు ఆ జబ్బుకు అలా జరగడమే లేదు. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా అక్కడిదే. గోదావరి జిల్లాల్లో అమ్మమ్మగారిల్లు ఉన్నవాళ్లు అడిగి చూడండి, ఇంటింటికీ వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్రలంటే అదే. 1948లో ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. నేలలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసినవాడు బెంజమిన్ డగ్గర్, ఆ పని నడిపించిన పెద్ద సుబ్బారావుగారు.

అదే ఏడాది ఆగస్టు 9న నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. అన్నేళ్లు అక్కడున్నా అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1995లో, ఆయన పుట్టి నూరేళ్లయిన సందర్భంగా మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఎవరి తాతగారి ఆల్బంలోనైనా ఉంటే ఒకసారి తెచ్చి చూపించండి, మేము చూడలేదు.

మొన్న మా నాన్నగారి రక్తపరీక్ష కాగితం ఊరి నుంచి ఫోనులో వచ్చింది. అందులో ఫాస్ఫరస్ అని ఒక వరుస. ఇప్పుడు గిన్నెలూ కడ్డీలూ లేవు, యంత్రమే చదువుతుంది. అయినా ఆ యంత్రం లోపల చాలా చోట్ల ఫాస్ఫేట్, మోలిబ్డేట్ ఇంకా జతకడుతూనే ఉన్నాయి. అంకె పక్కన ఉన్న ప్రమాణం చూశాము. డెసీలీటరుకు మిల్లీగ్రాములు. డెసీలీటరంటే 100 మిల్లీలీటర్లు. సుబ్బారావుగారి లెక్క ఏ కొలతలో తేలిందో అదే కొలత.

మూడో బెంచీ అమ్మాయికి మేము మర్నాడు ఈ కథ చెప్పాము. విని, మరి నీళ్లతో భాగిస్తే వచ్చిన 25ను ఏమంటారు సార్ అని అడిగింది. మాకు తెలియదు. ఇద్దరం కలిసి స్టాఫ్ రూముకు వెళ్లి సెలవు నుంచి వచ్చిన సైన్సు మాస్టారిని అడిగాము. 100 గ్రాముల ద్రావణిలో ఇంత కరిగిందని చెప్పడం కూడా ఒక కొలతేననీ, పై తరగతుల పుస్తకంలో ద్రావణీయతను అలాగే చెబుతారనీ ఆయన అన్నారు. ఆ అమ్మాయి 20 పక్కన, కొంచెం చిన్న అక్షరాలతో, 25 మళ్లీ రాసుకుంది.

ఇక మీకు ఒక లెక్క. ప్రమాణ ద్రావణం పైన చెప్పినదే, మిల్లీలీటరుకు 0.004 మిల్లీగ్రాములు, గిన్నె 20 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. పదేళ్ల పిల్లవాడి రక్తరసాన్ని పైన చెప్పిన తీరులోనే వడగట్టి, రంగు తెప్పించి 10 మిల్లీలీటర్లు చేశారు. అతని గిన్నె 16 దగ్గర ఆగింది. 100 మిల్లీలీటర్లలో భాస్వరం ఎంత? చేసిన దారి అంతా చూపించాలి, కొట్టివేతలతో సహా. కాగితాలు కెమిస్ట్రీ మేడమ్‌కు ఇవ్వండి. మాకు ఇస్తే మేము మళ్లీ ఆవిడ దగ్గరికే పట్టుకెళ్లాలి.